పిన్నిని తుడిచిన పూట

ఆ పిల్లల ఆసుపత్రిలో కంప్యూటర్లకు చుట్టరికాలు అంటగట్టిన పాపం మేస్టారిది. మేస్టారంటే బడిపంతులు కాదు, డేటాబేస్ చూసుకునే ఇద్దరిలో పెద్దాయన. సమయమెంతయిందని అడిగినా అరగంట పాఠం చెబుతాడు కాబట్టి ఆ పేరు ఖాయమైపోయింది. పిల్లల జబ్బులు, మందులు, మోతాదులు దాచే సర్వర్లు అక్కడ రెండున్నాయి. ఒకటి పని చేస్తుంటే, రెండోది దాన్ని చూసి పొల్లుపోకుండా కాపీ రాసుకుంటూ ఉంటుంది. పని చేసేదాన్ని పెద్దమ్మ అనీ, కాపీ రాసుకునేదాన్ని పిన్ని అనీ మేస్టారు పిలిచాడు. తనను పెంచింది ఆ ఇద్దరేనట. పేర్లు ముద్దుగానే ఉన్నాయి, స్టిక్కర్లు కూడా అంటించారు. అయితే రెండు వారాల కిందట పెద్దమ్మ ఫ్యాను కాలిపోయి మూలపడింది. పిన్ని పగ్గాలు అందుకుంది. బాగై వచ్చిన పెద్దమ్మను కాపీ రాసే పనికి కూర్చోబెట్టారు. పనులు తారుమారయ్యాయి గానీ స్టిక్కర్లు మార్చడానికి ఎవరికీ చేతులు రాలేదు.

డేటాబేస్ చూసుకునే ఇద్దరిలో చిన్నదాన్ని ఆఫీసంతా చీపురమ్మ అంటుంది. డేటాబేస్‌లో ఒక వరుసను మారిస్తే పాత వరుస వెంటనే పోదు, చచ్చి అక్కడే పడి ఉంటుంది. అవి పేరుకుపోయాయంటే వెతుకులాట నత్తనడక అవుతుంది. ఆమె చేరిన కొత్తలో మందుల పట్టిక తెరుచుకోవడానికి నలభై సెకన్లు పట్టేది. ఆమె చచ్చిన వరుసలన్నీ ఊడ్చి పారేసింది, వెతకడానికి వీలుగా ఇండెక్సులు కట్టింది, మెమరీ ఎంత వాడుకోవాలో కొలిచి సర్దింది. ఇప్పుడు కన్ను మూసి తెరిచేలోగా పట్టిక కళ్లముందు ఉంటుంది. ఊడ్చడంలో తనను మించినవాళ్లు లేరని ఆమెకు కాస్త గర్వం. ఉండకూడదని ఎవరంటారు? కానీ చేతికి పని బాగా అలవాటైతే, తలను అడగకుండానే అది ముందుకు పోతుంది.

వాళ్లు వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. దేశదేశాలవాళ్లు కలిసి రాసి, లోపలి గుట్టంతా ఎవరైనా చదువుకునేలా బయట పెట్టేసినది. దానికి యజమాని లేడు. కష్టం వస్తే ఫోన్ చేసి తిట్టడానికి కంపెనీ కూడా లేదు. చదివినవాళ్లదే భారం.

గురువారం ఉదయం పది దాటాక చీపురమ్మ కుర్చీలో కూర్చుని మేస్టారు పెట్టి వెళ్లిన చీటీ చదివింది. ఆయన పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టాడు, ఫోన్ కట్టేశాడు. చీటీలో ఇలా ఉంది: "పిన్ని మంగళవారం దగ్గరే ఆగిపోయింది. ఇక అందుకోలేదు. నిన్న సాయంత్రమే సర్వీసు ఆపి ఉంచాను. దాన్ని తుడిచేసి, పెద్దమ్మ నుంచి మొత్తం మళ్లీ నింపు."

మేస్టారి లెక్కలో పెద్దమ్మ, పిన్ని అనేవి పదవులు. ఏ పెట్టె కాపీ రాస్తుంటే అదే పిన్ని. చీపురమ్మ లెక్కలో అవి పెట్టెలు, వాటి మీద స్టిక్కర్లు. ఇప్పుడు పని చేస్తున్నది ఏ పెట్టె అని ఎవరైనా అడిగి ఉంటే ఆమె తడుముకోకుండా చెప్పేది. ఎవరూ అడగలేదు. పిన్ని అన్న పేరున్న సర్వర్లోకి వెళ్లింది. తుడిచే ముందు సర్వీసు నిజంగా ఆగిందో లేదో చూసుకోవాలి, ఒక్క లైను పని. ఆపానని మేస్టారే రాశాడు కదా అనుకుంది. డేటా ఉన్న ఫోల్డరు మొత్తాన్ని తీసేయమని ఆజ్ఞ కొట్టి ఎంటర్ నొక్కింది. పదకొండు సెకన్లలో పని అయిపోయింది.

ఆ వెంటనే పెద్దమ్మ నుంచి నింపే ఆజ్ఞ కొట్టింది. తెర మీద ఒక్క ముక్క జవాబు వచ్చింది. పెద్దమ్మ పలకడం లేదు, అక్కడ సర్వీసు నడవడం లేదు.

నడవడం లేదంటే ఆపేశారని అర్థం. మేస్టారు ఆపింది దీన్నే.

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. ఆసుపత్రి మొత్తం వాడుకుంటున్న సర్వరును, పట్టపగలు, తన చేత్తో తుడిచేసింది. ఇక మిగిలింది మంగళవారం దగ్గర ఆగిపోయిన పెద్దమ్మ ఒక్కటే. రోజూ తీసే బ్యాకప్ కూడా పెద్దమ్మ పేరు మీదే తీస్తున్నారని అప్పుడు గుర్తొచ్చింది. అంటే బ్యాకప్‌లో ఉన్నదీ మంగళవారమే. బుధవారం అనే రోజు ఎక్కడా లేదు.

ఏడవడానికి సమయం లేదని ఆమెకు తెలుసు, ఎందుకంటే లోపలి గుట్టు చదివిన మనిషి. ఫైలును తీసేస్తే పోయేది దాని పేరు మాత్రమే. దాన్ని తెరిచి పట్టుకున్న ప్రోగ్రాము బతికున్నంతసేపు లోపలి సరుకు ఎక్కడికీ పోదు. గుమ్మం మీద పేరు చెరిపినంత మాత్రాన ఇంట్లో మనిషి మాయం కాడు కదా. పిన్నిలో సర్వీసు ఎవరూ ఆపలేదు కాబట్టి ఇంకా బతికే ఉంది, ఆ ఫైళ్లను పట్టుకునే ఉంది. కానీ అది నిమిషానికోసారి తన ఫోల్డర్లో తన గుర్తు ఫైలు ఉందో లేదో చూసుకుంటుంది. కనపడకపోతే వెంటనే తనంతట తానే ఆగిపోతుంది. అది గనక ఆగిందా, పట్టు వదిలేస్తుంది. అప్పుడిక బుధవారాన్ని బ్రహ్మదేవుడు కూడా తేలేడు.

ఆ నిమిషంలో ఎన్ని సెకన్లు అయిపోయాయో తెలియదు. తొందరలో రెండుసార్లు తప్పు కొట్టింది. ప్రోగ్రాముల్ని స్తంభింపజేసే ఆజ్ఞ మూడోసారి సరిగ్గా పడింది. పిన్నిలోని డేటాబేస్ ప్రోగ్రాములన్నీ చావకుండా, కదలకుండా, ఉన్నచోట ఉన్నట్టే బిగుసుకుపోయాయి. ఆమె ఊపిరి వదిలింది. ఫైళ్లను ఆ బిగుసుకున్న చేతుల్లోంచి ఒక్కొక్కటిగా ఇంకో డిస్కులోకి తీయడం మొదలుపెట్టింది. మొత్తం తీయడానికి ముప్పై నిమిషాలైనా పడుతుంది.

ఫోన్ మోగింది. మేనేజరు.

"ఏంటమ్మా, స్క్రీన్లన్నీ గిర్రున తిరుగుతున్నాయంట. ఏమైంది?"

అప్పుడే ఉన్నదున్నట్టు చెప్పేసి ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది. చెప్పాలనే నోరు తెరిచింది. బయటికి వచ్చింది వేరే మాట.

"చిన్న సమస్య సార్. పది నిమిషాల్లో చూస్తాను."

చిన్న సమస్యట. ఆ మాట తన నోట్లోంచి వస్తుంటే తనకే చెవులు మూసుకోవాలనిపించింది. ఫోన్ పెట్టీ పెట్టకముందే మళ్లీ మోగింది. ఈసారి వదిన. అన్నయ్య భార్య అదే ఆసుపత్రిలో, నెలలు నిండని పిల్లల వార్డులో పెద్ద నర్సు.

"మీ స్క్రీనుకి ఏ రోగమొచ్చిందే? పదకొండు గంటల ఇంజెక్షన్లకి టైమవుతోంది. నేను నాలుగు రోజులు సెలవులో ఉండి ఇవాళే వచ్చాను. ఎవరికేం మార్చారో నాకు తెలీదు. ఆ స్క్రీనే దిక్కు."

"పెద్ద డాక్టర్ని అడగరాదా వదినా?"

"ఆవిడ ఆపరేషన్లో ఉంది. ఒంటిగంటకి గానీ బయటికి రాదు."

"వచ్చేస్తుందిలే వదినా," అంది చీపురమ్మ. ఫోన్ పెట్టేశాక నుదురు బల్లకు ఆనించి కళ్లు మూసుకుంది. మూసుకున్న కళ్లకు ఏడో నంబరు కనిపించింది.

నిన్న మధ్యాహ్నం అదే వార్డు నుంచి ఫోన్ వచ్చింది. పెద్ద డాక్టరు ఏడో నంబరు బాబుకు గుండె మందు తగ్గించబోతే స్క్రీను ఒప్పుకోవడం లేదు. ఎవరో నెలవారీ నివేదిక నడుపుతూ మందుల పట్టికకు తాళం వేసుకుని కూర్చున్నారు, డాక్టరు మార్పు ఆ తాళం వెనక నిలబడి ఉంది. చీపురమ్మ ఆ నివేదికను పీకి పారేసి మార్పును లోపలికి పంపింది. ఫోన్లో డాక్టరు అన్న మాట ఆమెకు బాగా గుర్తుంది. "వీడి కిడ్నీలు మందుని బయటికి పంపట్లేదు. ఇంకొక్కసారి పాత మోతాదు పడిందా, పిల్లాడు దక్కడు." ఎంతకు తగ్గించారో మాత్రం ఆమె చూడలేదు. చూడాల్సిన పని తనది కాదు. ఆ అంకె ఇప్పుడు లోకంలో ఒక్క చోటే ఉంది. పేరు చెరిగిపోయిన ఒక ఫైల్లో, బిగుసుకుపోయిన ఒక ప్రోగ్రాము చేతిలో.

పన్నెండు శాతం అయింది. పదిహేను. ఆమె తెరను చూస్తూ గోళ్లు కొరుక్కుంది, మానేసి పదేళ్లయిన అలవాటు. ఉద్యోగం పోతుందేమోనని మొదట భయమేసింది. ఆ తర్వాత అది భయంలానే అనిపించలేదు. మందుల పట్టిక ఫైలును ముందు తీయమని క్రమం మార్చింది. ఫైలు పెద్దది, మెల్లగా వస్తోంది.

అప్పుడు తలుపు తోసుకుని రీస్టార్ట్ బాబాయి వచ్చాడు. సర్వర్ల గది ఆయన చేతిలో ఉంటుంది. ఏ యంత్రం మొరాయించినా ఆయన దగ్గర ఉన్నది ఒకటే వైద్యం, ఆపి మళ్లీ వేయడం. లిఫ్టుకూ అదే, కాఫీ మిషనుకూ అదే. పదింట తొమ్మిదిసార్లు ఆ వైద్యం పనిచేయడమే ఆయనకు వచ్చిన తంటా.

"ఇక నువ్వు కంగారుపడక్కర్లేదమ్మాయ్. మేనేజరు చెప్పాడు, పెద్దమ్మని లేపేశాను. స్క్రీన్లన్నీ దానికే తిప్పేశాం. అందరికీ వచ్చేసింది. పది నిమిషాలయింది, పట్టికలు టకటకా తెరుచుకుంటున్నాయి," అన్నాడు మహా సంతోషంగా. అంటూనే ఆమె పక్క కీబోర్డు మీద చెయ్యి వేశాడు. "పిన్ని కదా బిగుసుకుపోయింది? ఆగు, ఒకసారి ఆపి వేస్తే..."

ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది. పెద్దవాడి చెయ్యి అలా పట్టుకోవడం ఆమెకు అదే మొదటిసారి.

"ముట్టుకోకండి బాబాయ్. దాన్ని ఆపితే అంతా పోతుంది. నేను తుడిచేశాను."

"ఏంటి తుడిచావు?"

"పిన్నిని. పని చేస్తున్నది పిన్ని. చూసుకోకుండా తుడిచేశాను. ఇప్పుడు అందరూ చూస్తున్నది మంగళవారం పట్టిక."

బాబాయి కీబోర్డు మీది చెయ్యిని మెల్లగా తీసి చంకలో పెట్టుకున్నాడు, అది మళ్లీ తనంతట తానే ఏం చేస్తుందోనని భయపడ్డట్టు.

గోడ గడియారం పదకొండుకు నాలుగు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. మిగతా వార్డుల్లో మందులు మధ్యాహ్నం తర్వాతే. పదకొండుకు ఇచ్చేది ఒక్క వదిన వార్డులోనే. ఆమె ఫోన్ చేసింది. వార్డు లైను ఖాళీ లేదు. మళ్లీ చేసింది, లేదు. వదిన సెల్ ఫోను డ్యూటీలో లాకరులో ఉంటుంది.

"బాబాయ్, పెద్దమ్మని ఆపేయండి. మేనేజరుకి ఉన్నదున్నట్టు చెప్పండి, నేనే చేశానని చెప్పండి. పిన్ని జోలికి ఎవర్నీ రానివ్వకండి. ఆ మందుల ఫైలు వచ్చేశాక నేను రాసిస్తున్న ఈ లైను కొట్టండి, అది లోపల ఉన్న వరుసల్ని చదివి చూపిస్తుంది. నాకు ఫోన్ చేసి చదవండి."

"నేనా?" అన్నాడాయన. "సరే. వెళ్లు, వెళ్లు."

మెట్లు మూడంతస్తులు. ఆమె ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. ఒక చెప్పు రెండో అంతస్తు దగ్గరే ఉండిపోయింది. దారిలో ఎవరో పలకరించారు, ఎవరో తిట్టారు. ఆమె కళ్ల ముందు అంకెలు లేని ఒక సిరంజి తప్ప ఇంకేమీ లేదు.

వార్డు తలుపు తీసేసరికి వదిన ఏడో నంబరు అద్దాల పెట్టె దగ్గర నిలబడి ఉంది. పక్కన ఇంకో నర్సు, ఇందాకే తెరిచిన పట్టికతో టాబ్లెట్ పట్టుకుని ఉంది. ఆ వార్డులో మందు ఇచ్చే ముందు ఇద్దరూ పైకి చదవాలి.

"ఏడో నంబరు. పాయింట్ తొమ్మిది," అంది ఆ నర్సు.

"పాయింట్ తొమ్మిది," అంది వదిన సిరంజిని వెలుతురుకు పట్టి చూస్తూ. పెట్టె పక్క కిటికీ లోంచి చెయ్యి లోపల పెట్టింది. అరచేతిలో పట్టేంత ప్రాణి, పేరైనా పెట్టలేదు ఇంకా.

"వదినా, ఇవ్వొద్దు."

పరుగెత్తిన ఆయాసంలో మాట గుసగుసలా వచ్చింది. అయినా వదిన విన్నది. చెయ్యి అక్కడే ఆగింది.

"అది మంగళవారం పట్టిక. నిన్న డాక్టరుగారు తగ్గించారు. ఇది ఇస్తే..." మాట మధ్యలో వదిలేసి టాబ్లెట్ వైపు చూపించింది. "స్క్రీను తప్పు చూపిస్తోంది. తప్పు నాదే. నేనే చెరిపేశాను."

వదిన చెయ్యి బయటికి తీసింది. సిరంజిని ట్రేలో పెట్టింది. మరదలి వంక చూసింది, ఒంటి చెప్పు వంక చూసింది. కోప్పడలేదు. ఆమెకు అదే మరింత భయమనిపించింది.

"ఎంతకి తగ్గించారు?"

"తెలీదు. కనుక్కుంటున్నాం."

"ఇవ్వకుండా ఎంతసేపు ఆగొచ్చో నాకూ తెలీదు," అంది వదిన. "గుండె మందు. మరీ ఆలస్యం చేయకూడదు."

ముగ్గురూ ఫోన్ వంక చూస్తూ నిలబడ్డారు. పెట్టె మీది యంత్రం బాబు గుండెను పచ్చటి గీతగా చూపిస్తోంది. అయిదు నిమిషాలు గడిచాయి. పది. చీపురమ్మ గోడకు ఆనుకుంది. ఆ ఫైలు విరిగి వస్తే? సరిగ్గా ఆ వరుసే రాకపోతే? బాబాయి తల తిప్పిన క్షణంలో మేనేజరు వచ్చి మీట నొక్కేస్తే? ఆలోచించకూడదనుకున్న కొద్దీ ఒక్కొక్కటే వస్తోంది.

పదకొండూ పద్నాలుగుకు ఫోన్ మోగింది. బాబాయి గొంతు.

"వచ్చిందమ్మాయ్. ఏడో నంబరు రెండుసార్లు ఉంది. ఒకటేమో పాయింట్ తొమ్మిది. ఇంకోటి పాయింట్ మూడు. ఏది తీసుకోను?"

రెండిట్లో ఒకటి మార్చిన వరుస తాలూకు పాతది, ఇంకా ఊడవని చచ్చిన వరుస. రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

"పక్కన రెండు నంబర్లుంటాయి చూడండి బాబాయ్. రెండోది సున్నా ఉన్న వరుసే బతికున్నది. నిదానంగా చదవండి."

కీబోర్డు మీట నొక్కిన చప్పుడు వినిపించింది.

"పాయింట్ మూడు దానికి సున్నా ఉంది. తొమ్మిది దానికి ఏదో పెద్ద అంకె ఉంది."

"మళ్లీ చదవండి."

ఆయన మళ్లీ చదివాడు. ఆమె పైకి చెప్పింది. వదిన తిరిగి చెప్పింది. పక్క నర్సు కాగితం మీద రాసి, రాసింది చదివింది. వదిన కొత్త సిరంజి తీసి, పాయింట్ మూడు నింపి, బాబుకు ఇచ్చింది. పచ్చ గీత అలాగే నడుస్తోంది. చీపురమ్మ కిందికి జారి నేల మీద కూర్చుంది.

"లే," అంది వదిన. "ఇంకా అవలేదు. ఈ స్క్రీన్ చూసి ముందే నలుగురికి ఇచ్చేశాను. రెండు, మూడు, అయిదు, ఆరు."

ఆమె లేచింది. ఇందాకటి భయం ఒక పిల్లాడిది. ఇది నలుగురిది, పైగా జరిగిపోయింది. బాబాయి ఒక్కో నంబరూ వెతికి చదువుతుంటే, ఆమె ఒక్కోటీ పైకి చెబుతుంటే, వదిన ఇచ్చినదాంతో పోల్చి చూసింది. రెండు, మార్పు లేదు. మూడు, మార్పు లేదు. అయిదు, మార్పు లేదు. ఆరు దగ్గర బాబాయి ఆగాడు.

"ఇది కూడా రెండుసార్లుందమ్మాయ్."

చీపురమ్మ ఫోన్‌ను చెవికి గట్టిగా నొక్కుకుంది.

"సున్నా ఉన్నది చదవండి."

"పాయింట్ ఎనిమిది."

వదిన కళ్లు మూసుకుంది. "నేనిచ్చింది పాయింట్ ఆరు. పెంచారన్నమాట." కళ్లు తెరిచి నెమ్మదిగా అంది, "తక్కువైతే డాక్టర్ని అడిగి మిగతాది ఇస్తాం. ఎక్కువైతే వెనక్కి తీయలేం."

తర్వాత ఆమె ఏడో నంబరు కోసం మొదట నింపిన సిరంజిని తీసుకుని సింకు దగ్గరికి వెళ్లింది. పాయింట్ తొమ్మిది. మందంతా సింకులోకి పోసేసి, నీళ్లు వదిలి, చేతులు కడుక్కుంది. తుడుచుకుంటూ మరదలి దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఒకటి అడుగుతాను చెప్పు. ఒక చుక్క మందుకి మేమిద్దరం చదువుతాం. మీ దగ్గర తుడిచే ముందు పక్కన ఇంకొకళ్లు చదవరా?"

చీపురమ్మ ఆ చీటీని తలుచుకుంది. పిన్ని అన్న మాటను పైకి ఒక్కసారి అని ఉంటే, పక్కన బాబాయి విన్నా చాలు, ఏ పిన్ని అని అడిగేవాడు.

"చదవరు వదినా," అంది. "నేనొక్కదాన్నే, మనసులోనే చదువుకున్నాను."